క్రైస్తవ జీవనంలో ఏకాంత ప్రార్థన: భావన, సంప్రదాయం, విలువ

వ్యాససంగ్రహం

క్రైస్తవ ఆరాధన ప్రధానంగా సామూహికం. అయినా ఆ మతపు మూలగ్రంథాలు, సాధనా సంప్రదాయాలు ఏకాంత ప్రార్థనకు విశిష్టమైన స్థానం ఇచ్చాయి. చూసేవారు లేనిచోట చేసే ప్రార్థనకు ఇంత విలువ ఎందుకు వచ్చింది? అది వ్యక్తిని సమాజం నుంచి వేరు చేస్తుందా, సమాజానికి మరింత దగ్గర చేస్తుందా? ఈ రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలోని బోధను, అందులో ఏకవచన బహువచనాల ప్రయోగాన్ని ఆధారంగా తీసుకొని, హన్నా, దానియేలు, యేసు ప్రార్థనా సందర్భాలను, అగస్టీన్ మొదలు బాన్‌హోఫర్ వరకు కొందరు చింతకుల ఆలోచనలను వివరిస్తుంది. కాంట్, మార్సెల్ మౌస్‌ల విమర్శలను చర్చించి, తెలుగు నేలపై ఈ సాధన పొందిన రూపాలను స్థూలంగా సూచిస్తుంది.

కీలకపదాలు: ఏకాంత ప్రార్థన, రహస్యం, మత్తయి సువార్త, పరలోక ప్రార్థన, ధ్యానం, ఆత్మపరిశీలన, తెలుగు క్రైస్తవం.

1. ఉపోద్ఘాతం

ప్రార్థన అన్ని మతాల్లోనూ ఉంది. క్రైస్తవంలో దానికి ప్రధానంగా రెండు రూపాలు. సంఘం ఒకచోట చేరి చేసేది సామూహిక ప్రార్థన. వ్యక్తి ఒంటరిగా, ఇతరుల కంటికి దూరంగా చేసేది ఏకాంత ప్రార్థన. మొదటిదానికి కాలం, స్థలం, క్రమం, నాయకత్వం ఉంటాయి. అది చరిత్రలో నమోదవుతుంది. రెండోదానికి సాక్షులుండరు. అందువల్ల పరిశోధకుడికి అది సులభంగా చిక్కే విషయం కాదు. దాన్ని గురించి తెలుసుకోవడానికి గ్రంథస్థమైన బోధలు, సాధకులు రాసుకున్న అనుభవాలు, కీర్తనల్లోని ఉత్తమపురుష కంఠస్వరం మాత్రమే ఆధారాలు.

మతాధ్యయన రంగంలో ఈ రెండింటి సంబంధంపై ఇరవయ్యో శతాబ్దారంభం నుంచే వాదం ఉంది. జర్మన్ పండితుడు ఫ్రీడ్రిక్ హైలర్ 1918లో ప్రార్థనపై వెలువరించిన బృహద్గ్రంథంలో, వ్యక్తి హృదయంలోంచి అప్రయత్నంగా పొంగే మాటే ప్రార్థనకు మూలరూపమని ప్రతిపాదించాడు. అంతకుముందే ఫ్రెంచ్ సామాజికశాస్త్రవేత్త మార్సెల్ మౌస్ 1909 నాటి తన అసంపూర్ణ అధ్యయనంలో దీనికి భిన్నమైన వాదం చేశాడు. ఒంటరిగా ప్రార్థించే మనిషి కూడా సమాజం ఇచ్చిన మాటలనే పలుకుతాడు కాబట్టి ప్రార్థన మౌలికంగా సామాజిక వ్యవహారమేనని ఆయన నిర్ణయం. ఏకాంత ప్రార్థన విలువను నిర్ణయించాలంటే ఈ రెండు వాదాలనూ దృష్టిలో ఉంచుకొని మూలగ్రంథాలను చదవాలి.

2. పదాలు చెప్పే సంగతులు

2.1 గది

ఏకాంత ప్రార్థనకు ప్రధానాధారం కొండమీది ప్రసంగంలోని ఒక బోధ (మత్తయి 6:5-8). సమాజమందిరాల్లో, వీధి మూలల్లో నలుగురికీ కనబడేలా నిలబడి ప్రార్థించేవారిని యేసు అక్కడ విమర్శిస్తాడు. ప్రార్థించదలచినవాడు లోపలి గదికి వెళ్లి తలుపు మూసుకోవాలంటాడు. ఇక్కడ తెలుగు బైబిలులో ‘గది’ అని అనువాదమైన గ్రీకు పదం ‘టమెయోన్’. ఈ పదానికి ఇంటి లోపలి గది అనీ, సామాన్లు నిల్వచేసే కొట్టు అనీ అర్థాలున్నాయి. కాకులకు కొట్టు గాని గాదె గాని లేకపోయినా దేవుడు వాటిని పోషిస్తాడని లూకా సువార్తలో చెప్పేచోట (12:24) ‘కొట్టు’కు వాడిన మాట కూడా ఇదే.

ఈ పదవిశేషం గమనించదగింది. యేసు చెప్పిన గది పూజామందిరం కాదు. ధాన్యం, పనిముట్లు పెట్టుకొనే సాధారణ గది కావచ్చు. దానికి ఉన్న అర్హత పవిత్రత కాదు, చూసేవాడు లేకపోవడం. అగస్టీన్ కొండమీది ప్రసంగానికి రాసిన వ్యాఖ్యలో ఈ గదిని హృదయంగా అన్వయించాడు. తలుపు మూయడమంటే ఇంద్రియాల ద్వారా లోపలికి చొరబడే బాహ్య విషయాలను నిలువరించడమని వివరించాడు. సొంత గది లేని బీదవాడికి కూడా ఈ వ్యాఖ్యానం వల్ల ఏకాంతం అందుబాటులోకి వచ్చింది. ఒకే గదిలో కుటుంబమంతా నివసించే ఇళ్లున్న ఏ సమాజంలోనైనా ఈ అన్వయానికి ఆచరణాత్మకమైన ప్రాధాన్యం ఉంది.

2.2 నీవు, మీరు

ఇదే బోధలో వచనప్రయోగం ఆసక్తికరం. వేషధారుల వలె ఉండవద్దని హెచ్చరించేటప్పుడు (6:5) గ్రీకు మూలం శ్రోతలను బహువచనంలో సంబోధిస్తుంది. గదిలోకి వెళ్లమనేచోట (6:6) హఠాత్తుగా ఏకవచనానికి మారుతుంది. పరలోక ప్రార్థన నేర్పేచోట (6:9) తిరిగి బహువచనం వస్తుంది. ఆధునిక ఆంగ్లంలో ఏకవచన బహువచనాలు రెంటికీ ఒకే సర్వనామం ఉండటం వల్ల ఆ అనువాదాల్లో ఈ తేడా కనబడదు. తెలుగులో ‘మీరు’, ‘నీవు’, మళ్లీ ‘మీరు’ అన్న క్రమం స్పష్టంగా నిలిచింది. గుంపుతో మాట్లాడుతున్న బోధకుడు ఒక్క వాక్యంలో ఆ గుంపును విడదీసి, ప్రతి వ్యక్తినీ విడిగా ఒక తలుపు ముందు నిలబెట్టాడు. ఆ వెంటనే అందరినీ మళ్లీ కలిపాడు. ఏకాంతం ఈ బోధలో గమ్యం కాదు, మధ్యలో దాటవలసిన చోటు.

2.3 మా, మన

పరలోక ప్రార్థన తొలి సంబోధనలో మరో విశేషముంది. గ్రీకులో ఉత్తమపురుష బహువచనానికి ఒకే రూపం. తెలుగులో వినేవారిని కలుపుకొనే ‘మనం’, వినేవారిని మినహాయించే ‘మేము’ అని రెండు రూపాలున్నాయి. అనువాదకులు ‘మా’ను ఎన్నుకున్నారు. ఇక్కడ వినేవాడు దేవుడు కాబట్టి వ్యాకరణరీత్యా అదే సముచితం. అయితే ఏకాంతంలో ఈ ప్రార్థన చేసే మనిషి ఒక్కడే. ఒక్కడే ఉన్నచోట ‘నా’ అనకుండా ‘మా’ అనడంలో, ఆ గదిలో లేని వారందరినీ తనతో చేర్చుకోవడం ఉంది. మూడో శతాబ్దికి చెందిన కార్తేజ్ బిషప్ సిప్రియన్ పరలోక ప్రార్థనకు రాసిన వ్యాఖ్యలో ఈ అంశాన్నే ప్రధానం చేశాడు. క్రైస్తవుడు తన ఒక్కడి కోసమే ప్రార్థించడనీ, ఈ ప్రార్థనలోని తండ్రి, ఆహారం, క్షమాపణ అన్నీ ఉమ్మడివేననీ ఆయన వివరణ. తలుపు మూసినా బహువచనం లోపలే ఉంటుందన్నమాట.

3. హీబ్రూ గ్రంథాల్లో రెండు సందర్భాలు

3.1 హన్నా మౌనం

సమూయేలు మొదటి గ్రంథం తొలి అధ్యాయంలో, సంతానం లేక అవమానాలు పడుతున్న హన్నా షిలోహు మందిరంలో ప్రార్థిస్తుంది. ఆమె పెదవులు కదులుతాయి గాని స్వరం వినబడదు. యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకొని మందలిస్తాడు. తాను మత్తులో లేననీ, మనోవేదనను దేవుని ముందు కుమ్మరించుకుంటున్నాననీ ఆమె మర్యాదగానే సమాధానమిస్తుంది. ఏలీ తన మాట మార్చుకొని ఆమెను దీవిస్తాడు.

ఈ కథలో రెండు అంశాలు ముఖ్యం. మొదటిది, మందిరంలో ఉన్నప్పటికీ హన్నా ప్రార్థన ఏకాంతమే. కాబట్టి ఏకాంతానికి జనశూన్యత అనివార్యం కాదు. రెండోది, బిడ్డ పుట్టకముందే, గర్భం దాల్చకముందే ఆమె ముఖంలో దుఃఖం తొలగిపోయిందనీ, ఆమె భోజనం చేసిందనీ గ్రంథకర్త నమోదు చేశాడు (1:18). పరిస్థితి మారకముందే మనిషి మారింది. యాజకుడికే అర్థం కాని ఈ స్త్రీ ప్రార్థన నుంచి, తర్వాతి కాలంలో యూదు రబ్బీలు ప్రార్థనకు నియమాలు గ్రహించారు. తాల్ముద్‌లోని బెరాఖోత్ భాగం ఇందుకు సాక్ష్యం. మతాధికారం అపార్థం చేసుకున్న మౌనమే కాలక్రమంలో ప్రమాణమైంది.

3.2 దానియేలు కిటికీ

దానియేలు గ్రంథం ఆరో అధ్యాయంలో, ముప్పై దినాల పాటు రాజును తప్ప మరెవరినీ వేడుకోరాదని శాసనం వెలువడుతుంది. దానియేలు తన ఇంటి పైగదిలో, యెరూషలేము వైపు తెరచిన కిటికీల దగ్గర, ఎప్పటిలాగే రోజుకు మూడుసార్లు మోకరించి ప్రార్థిస్తాడు. శత్రువులు అతణ్ణి పట్టుకోగలిగింది ఈ క్రమబద్ధత వల్లనే.

మత్తయి తలుపు మూయమంటే దానియేలు కిటికీ తెరిచాడు. పైకి ఇది వైరుధ్యంగా తోస్తుంది. రెండు సందర్భాలను పక్కపక్కన ఉంచితే ఒకే సూత్రం బయటపడుతుంది. చూసేవారు మెచ్చుకొనేచోట తలుపు మూయాలి. చూసేవారు శిక్షించేచోట, భయపడి అలవాటును దాచనవసరం లేదు. రెండింటిలోనూ ప్రార్థనను నిర్ణయించే అధికారం చూసేవాడికి దక్కదు. ఏకాంత ప్రార్థన సారం గోప్యత కాదు, ప్రేక్షకుడి అభిప్రాయం నుంచి విముక్తి.

4. సువార్తల్లో యేసు ఏకాంతం

యేసు ఒంటరిగా ప్రార్థించిన సందర్భాలను సువార్తలు పలుచోట్ల పేర్కొంటాయి. లూకా దాన్ని ఒక అలవాటుగా చెబుతాడు (5:16). ఈ సందర్భాల స్థానాన్ని గమనిస్తే, ఇవన్నీ తీరిక దొరికిన వేళలు కావు. రద్దీ, నిర్ణయం, సంక్షోభం ఉన్న ఘట్టాలు.

కపెర్నహూములో సాయంత్రమంతా రోగులను స్వస్థపరచిన మరుసటి వేకువ, ఇంకా చీకటి ఉండగానే యేసు అరణ్యప్రదేశానికి వెళ్తాడు (మార్కు 1:35-39). సీమోను, అతనితో ఉన్నవారు వెతుక్కుంటూ వచ్చి అందరూ ఆయన కోసం చూస్తున్నారని చెబుతారు. ప్రజాదరణ వెల్లువెత్తిన ఊరికి తిరిగి వెళ్లడమే సహజం. ఆయన మాత్రం ఇతర గ్రామాలకు వెళ్దామంటాడు. జనం కోరికకూ తన పనికీ ఉన్న తేడాను గుర్తించడం ఆ ఏకాంతం తర్వాత కనిపిస్తుంది. పన్నెండుమంది అపొస్తలులను ఎన్నుకొనే ముందు ఆయన రాత్రంతా కొండపై ప్రార్థనలో గడిపాడు (లూకా 6:12-13). ఐదువేలమందికి ఆహారం పెట్టిన తర్వాత జనాన్ని పంపివేసి ఒంటరిగా కొండెక్కాడు (మత్తయి 14:23).

వీటన్నిటికీ పరాకాష్ఠ గెత్సేమనే. రానున్న శ్రమ తొలగిపోవాలని యేసు మూడుసార్లు ప్రార్థించాడు. సమీపంలోని శిష్యులు నిద్రపోయారు. అడిగింది నెరవేరలేదు. ప్రార్థన విలువను ఫలితంతో కొలిచేవారికి ఈ ఘట్టం కొరుకుడు పడదు. ఇక్కడ ప్రార్థన పరిస్థితిని తప్పించలేదు. దాన్ని ఎదుర్కొనే మనిషిని సిద్ధపరచింది. భయంతో నేలపై సాగిలపడినవాడు, ప్రార్థన ముగిశాక తానే లేచి, పట్టుకోవడానికి వచ్చేవారికి ఎదురు వెళ్లడానికి శిష్యులను పిలిచాడు. తన శరీరంలోని ముల్లు తొలగాలని మూడుసార్లు వేడుకున్న పౌలుకూ అడిగింది దక్కలేదు (2 కొరింథీ 12:7-9). బలహీనతలోనే బలం కనుగొనడం అతనికి లభించిన సమాధానం.

5. సాధనా సంప్రదాయం

5.1 కోరికకు శిక్షణ

అడగకముందే అక్కరలేమిటో తండ్రికి తెలుసునని మత్తయి సువార్తే చెబుతుంది (6:8). అలాంటప్పుడు అడగడం దేనికి? ఈ ప్రశ్నకు ప్రసిద్ధమైన సమాధానం అగస్టీన్ సంపన్న రోమన్ వితంతువు ప్రోబాకు రాసిన ఉత్తరంలో ఉంది. 410లో రోమ్ నగరం గోతుల చేతికి చిక్కినప్పుడు ఆమె ఆఫ్రికాకు తరలివచ్చింది. ఎలా ప్రార్థించాలని ఆమె అడిగితే, దేవునికి సమాచారం అందించడం ప్రార్థన ఉద్దేశం కాదని అగస్టీన్ వివరించాడు. ఇవ్వదలచిన దానిని అందుకోవడానికి తగినంతగా మన కోరికను విశాలం చేయడమే దాని పని. మాటలు ఎక్కువ కావడం వేరు, కోరిక దీర్ఘంగా నిలవడం వేరని కూడా ఆయన తేడా చూపాడు. ఈజిప్టు సన్యాసులు బాణాల్లా వదిలే చిన్నచిన్న ప్రార్థనలను ఇందుకు ఉదాహరణగా ప్రస్తావించాడు.

ఆ ఈజిప్టు ఎడారి సంప్రదాయాన్ని లాటిన్ ప్రపంచానికి అందించిన జాన్ కాసియన్, తన ‘సంభాషణలు’ గ్రంథంలో ఒకే ఒక్క కీర్తన వాక్యాన్ని రేయింబవళ్లు మననం చేసే పద్ధతిని వివరించాడు. తూర్పు క్రైస్తవంలో యేసు నామాన్ని ఆవృత్తి చేసే ప్రార్థన ఇదే కోవలోది. నామస్మరణ సంప్రదాయం ఎరిగిన భారతీయ పాఠకుడికి ఇది అపరిచితంగా తోచదు. అయితే పోలికను ఏకత్వంగా పొరబడకూడదు. రెండింటి తాత్త్విక భూమికలు వేరు.

5.2 క్షురకుడి ప్రశ్న, పనివాడి ప్రార్థన

ఏకాంత ప్రార్థన సన్యాసుల సొత్తుగా మిగిలిపోకుండా సామాన్యులకు చేరడంలో సంస్కరణోద్యమానికి పాత్ర ఉంది. మార్టిన్ లూథర్ 1535లో తన క్షురకుడు పీటర్ కోసం ప్రార్థనా విధానంపై చిన్న పుస్తకం రాశాడు. దశాజ్ఞల్లోని ప్రతి ఆజ్ఞనూ నాలుగు పేటల దండగా అల్లమన్నాడు: అది బోధించేదేమిటి, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏ తప్పు ఒప్పుకోవాలి, ఏమి అడగాలి. మనసు చెదరకుండా ఉండడం గురించి చెబుతూ క్షురకుడి వృత్తినే ఉపమానంగా తీసుకున్నాడు. కత్తిపై దృష్టి తప్పితే ఎదుటివాడి ముక్కో గొంతో తెగవచ్చు. ప్రార్థనకూ అంతే ఏకాగ్రత కావాలని ఆయన హెచ్చరిక.

పదిహేడో శతాబ్దిలో పారిస్ కార్మెలైట్ మఠంలో వంటపని చేసిన బ్రదర్ లారెన్స్ దీనిని మరో మెట్టుకు తీసుకెళ్లాడు. ప్రత్యేక ప్రార్థనా సమయానికీ వంటింటి సందడికీ తేడా లేకుండా దేవుని సన్నిధిలో ఉండడం అతని సాధన. అతని లేఖలు, సంభాషణలు 1691లో అతని మరణం తర్వాతే ప్రచురితమయ్యాయి.

5.3 తెరెసా: భాష, నిషేధం, శుష్కత

స్పెయిన్‌కు చెందిన అవిలా తెరెసా (1515-1582) ఏకాంత ప్రార్థనపై రాసినవారిలో అగ్రగణ్యురాలు. ఆమె కాలంలో స్త్రీలు మౌనంగా, సొంతంగా ప్రార్థించడాన్ని మతాధికారులు అనుమానంగా చూశారు. 1559లో వెలువడిన నిషిద్ధగ్రంథాల జాబితా స్పానిష్ భాషలోని అనేక భక్తిగ్రంథాలను పాఠకులకు దూరం చేసింది. లాటిన్ రాని స్త్రీలకు దానితో ఆధారం పోయింది. తన ఆత్మకథలో తెరెసా ఆ బాధను ప్రస్తావించింది. అప్పటినుంచి ఆమె తానే దేశభాషలో సాధనాగ్రంథాలు రాసింది. ఏకాంత ప్రార్థన చరిత్ర దేశభాషల చరిత్రతో ఎంతగా పెనవేసుకుందో ఇది చెబుతుంది. తన లోపలి మాటను తన భాషలో పలకలేని మనిషికి ఏకాంతం దొరికినా ప్రార్థన దొరకదు.

తెరెసా నిజాయితీ కూడా ప్రత్యేకమైనది. ప్రార్థనకు కేటాయించిన గంట ఎప్పుడు ముగుస్తుందా అని ఎదురుచూసిన సంవత్సరాలున్నాయని ఆమె ఒప్పుకుంది. ఏ అనుభూతీ లేని ఈ శుష్కస్థితిని ఆమె వైఫల్యంగా కాక, సాధనలో ఒక భాగంగా పరిగణించింది. 1577లో రాసిన ‘అంతరంగ దుర్గం’లో ఆత్మను ఏడు నివాసాల కోటగా వర్ణించి, చిట్టచివరి నివాసానికి చేరినవారి గుర్తు దర్శనాలు కావనీ, సత్కార్యాలేననీ తేల్చింది. అంతరంగపు లోతులకు వెళ్లేకొద్దీ సాధకుడు సేవలోకే తిరిగి రావాలన్నది ఆమె నిర్ణయం.

6. ఏకాంత ప్రార్థన విలువ

పై ఆధారాల నుంచి ఏకాంత ప్రార్థనకున్న విలువను నాలుగు అంశాలుగా గుర్తించవచ్చు.

6.1 నిజాయితీ: సామూహిక ప్రార్థనలో పలికేవాడికి ఇద్దరు శ్రోతలుంటారు, దేవుడు, సంఘం. రెండో శ్రోత మెప్పు కోసం మాట తీరు మారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. లూకా సువార్తలోని ఉపమానంలో (18:9-14) పరిసయ్యుడి ప్రార్థన నిజానికి తన గొప్పలకు తానే సంధించుకున్న ప్రశంసాపత్రం. దూరంగా నిలబడిన సుంకరి ఒక్క చిన్న వాక్యంలో తన స్థితిని ఒప్పుకున్నాడు. ఏకాంతం రెండో శ్రోతను తొలగిస్తుంది. అయితే పరిసయ్యుడు తనకు తానే ప్రేక్షకుడయ్యాడన్నది మరవకూడదు. తలుపు మూసినంత మాత్రాన ఆ మూడో శ్రోత బయటికి పోడు. ఏకాంతం నిజాయితీకి అవకాశం ఇస్తుంది గాని హామీ ఇవ్వదు.

6.2 ఆత్మపరిశీలన: బహిరంగంగా ఒప్పుకోలేని కోపం, అసూయ, భయం, సందేహం ఏకాంతంలో మాటగా మారుతాయి. కీర్తనల గ్రంథంలోని వ్యక్తిగత విలాపాలు దేవునిపై ఫిర్యాదులను సైతం దాచలేదు. పేరు పెట్టలేని వేదన మనిషిని ఏలుతుంది. పేరు పెట్టగలిగితే దానితో వ్యవహరించడం సాధ్యమవుతుంది.

6.3 నిర్ణయశక్తి: కపెర్నహూము ఉదంతంలో చూసినట్లు, నలుగురి ఒత్తిడికీ కర్తవ్యానికీ తేడా తెలుసుకొనే వ్యవధిని ఏకాంతం ఇస్తుంది.

6.4 ఇతరులతో సంబంధం: విజ్ఞాపన, అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థన, ఏకాంతంలో ప్రత్యేకమైన పరీక్ష. శత్రువుల కోసం ప్రార్థించాలన్న బోధ (మత్తయి 5:44) ఏకాంతంలోనే కఠినంగా తాకుతుంది, అక్కడ మర్యాద కోసం నటించవలసిన అవసరం లేదు గనుక. జర్మన్ వేదాంతి డీట్రిక్ బాన్‌హోఫర్ 1939లో ప్రచురించిన ‘సహజీవనం’లో ఒక సోదరుడి కోసం ప్రార్థిస్తున్నంతకాలం అతణ్ణి ద్వేషించడం సాధ్యం కాదని వివరించాడు. ఒంటరిగా ఉండలేనివాడు సమూహం విషయంలోనూ, సమూహంలో ఉండలేనివాడు ఒంటరితనం విషయంలోనూ జాగ్రత్తపడాలన్నది ఆ గ్రంథంలోని ప్రసిద్ధమైన హెచ్చరిక. నాజీ పాలనను ప్రతిఘటించి 1945 ఏప్రిల్ 9న ఉరికంబమెక్కిన వ్యక్తి మాట కావడం వల్ల, ఏకాంతం పలాయనమన్న ఆరోపణకు ఆయన జీవితమే ఒక ప్రత్యుత్తరం.

7. ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ ఇమ్మాన్యుయేల్ కాంట్‌ది. వివేకపు హద్దుల్లో మతాన్ని నిలపదలచిన తన 1793 నాటి గ్రంథంలో ఆయన, దేవునితో మాట్లాడుతున్నట్లు పలికే ప్రార్థనను భ్రమగా పరిగణించాడు. ఒంటరిగా బిగ్గరగా ప్రార్థిస్తూ ఇతరుల కంటబడిన మనిషి, మతి చలించినవాడిలా పట్టుబడినట్లు సిగ్గుపడతాడని గుర్తుచేశాడు. సత్ప్రవర్తనే అభిలషణీయమైన నిరంతర ప్రార్థన అని ఆయన భావన. ఈ పరిశీలనలో నిజముంది. హన్నాను చూసిన ఏలీ అనుకున్నదీ దాదాపు ఇదే. కానీ ఆ సిగ్గు ప్రార్థన మిథ్య అనడానికి రుజువు కాదు. అత్యంత సన్నిహితమైన ఏ సంభాషణనైనా పరాయివాడు వింటే మనిషి సిగ్గుపడతాడు. సత్ప్రవర్తన, ప్రార్థన అన్నవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావని తెరెసా నిర్ణయం ముందే సూచించింది.

రెండో ఆక్షేపణ మౌస్‌ది. ఏకాంత ప్రార్థన కూడా సామాజికమే అయితే ఏకాంతానికి ప్రత్యేక విలువ ఏమిటి? భాష సమాజానిదన్న అంశం తిరుగులేనిది. ‘మా’ అన్న సర్వనామమే దానికి సాక్ష్యం. అయితే అందరికీ చెందిన మాటను ఒక వ్యక్తి తన బతుకుకు అన్వయించుకొనే చోటు ఒకటి ఉండాలి. కంఠస్థమైన కీర్తన ఒక వేకువజామున తన సొంత మాటగా మారడం ఆ చోటనే జరుగుతుంది. హైలర్ మూలాన్ని చెప్పాడు, మౌస్ సామగ్రిని చెప్పాడు. సాధకుడి అనుభవంలో ఈ రెండూ విడివిడిగా ఉండవు.

మూడో ఆక్షేపణ సామాజిక న్యాయానికి సంబంధించింది. అన్యాయాన్ని ఎదిరించవలసిన మనిషిని ఏకాంత ప్రార్థన మౌనంగా సర్దుకొనేలా చేయదా? చేసే ప్రమాదం ఉంది. దీనికి అపొస్తలుల కార్యములు పదో అధ్యాయం ప్రతికూల ఉదాహరణను ఇస్తుంది. మధ్యాహ్నవేళ యొప్పేలో మిద్దెమీద ఒంటరిగా ప్రార్థిస్తున్న పేతురుకు, పవిత్రం అపవిత్రం అన్న విభజనను తలకిందులు చేసే దర్శనం కలిగింది. దాని ఫలితంగా అతను, యూదుడు అడుగుపెట్టకూడని అన్యజనుడైన కొర్నేలీ ఇంట్లోకి వెళ్లాడు. మిద్దెమీది ఏకాంతం అతణ్ణి గీత లోపల ఉంచలేదు, గీత దాటించింది. కులభేదాన్ని పూర్తిగా విడవని భారతీయ సంఘాలకు ఈ అధ్యాయం ఒక కొలబద్ద. ఎదుటివాడి గడప తొక్కనివ్వని ప్రార్థన మిద్దెమీది ప్రార్థనకు వారసత్వం చెప్పుకోలేదు.

8. తెలుగు నేలపై

తెలుగు క్రైస్తవుల వ్యవహారంలో ఏకాంత ప్రార్థన, కుటుంబ ప్రార్థన, ఉపవాస ప్రార్థన, వేకువ ప్రార్థన అనే విభాగాలు స్థిరపడ్డాయి. వీటిలో మొదటిదానికి ఎంచుకున్న ‘ఏకాంత’ శబ్దం తెలుగు భక్తిలోకానికి కొత్తది కాదు. తిరుమలలో రాత్రి చివరి సేవను ఏకాంతసేవ అంటారు. ఒంటరితనం లేమిని సూచిస్తే, ఏకాంతం సాన్నిహిత్యాన్ని సూచిస్తుంది. ‘ఒంటరి ప్రార్థన’ అనకుండా ‘ఏకాంత ప్రార్థన’ అనడంలో తెలుగు భాష ఒక వ్యాఖ్యానం కూడా చేసింది.

చరిత్రలో ఒంగోలు ప్రార్థన కొండ ప్రసిద్ధం. తెలుగు మిషన్‌ను మూసివేయాలన్న ఆలోచన అమెరికన్ బాప్టిస్టుల్లో సాగిన కాలంలో, 1854 జనవరి 1 వేకువన మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, మరికొందరు తెలుగు విశ్వాసులు ఆ కొండపై ప్రార్థించారు. అప్పటికి ఒంగోలులో మిషన్ కేంద్రమే లేదు. జాన్ క్లౌ అక్కడికి 1866లో వచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ వేల సంఖ్యకు 1876-78 కరవు, కరవు పనులు, మాదిగ సమాజంలోని అంతర్గత చలనాలు కూడా కారణాలని చరిత్ర గుర్తించాలి. అయినా ఆ సంఘం తన జ్ఞాపకంలో నదికి ఎంత స్థానమిచ్చిందో, చూసేవారు లేని ఆ కొండకూ అంత స్థానమిచ్చింది.

ఆ ఉద్యమానికి బీజం వేసినవారిలో ఒకరైన ఎర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడు కాకముందు రాజయోగ సంప్రదాయంలో సాధన చేసినవాడని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వెలువరించిన గ్రంథం తెలుపుతుంది. అంటే ఏకాంత ధ్యానం ఆ సమాజానికి మిషనరీలు కొత్తగా తెచ్చి ఇచ్చింది కాదు. అట్టడుగు కులాల్లో ముందే ఉన్న అంతరంగ సాధనా సంస్కారం కొత్త సంబోధనను పొందింది.

పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి కవుల కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ ద్వారా ఇంటింటికీ చేరి, సంఘంలో పాడినవే ఒంటరిగా ఉన్నప్పుడు ప్రార్థనలుగా ఉపకరించాయి. 1938లో ముంగమూరి దేవదాసు స్థాపించిన బైబిలు మిషన్, దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడాన్ని సాధనగా నొక్కిచెప్పింది. ఆ సంఘంపై పి. సాల్మన్ రాజ్ చేసిన అధ్యయనం, స్థానిక సంస్కృతిలోంచి పుట్టిన క్రైస్తవ రూపంగా దానిని పరిశీలించింది.

ప్రస్తుత కాలంలో ధ్వనివర్ధకాలు, దూరదర్శిని ప్రసారాలు, చరవాణి తెరలు ప్రార్థనను మునుపెన్నడూ లేనంతగా దృశ్యం చేశాయి. ఇవి వృద్ధులకు, రోగులకు, దూరదేశాల్లోని తెలుగువారికి ఉపకరిస్తున్నాయి. అదే సమయంలో వీధి మూలల్లో నిలబడి ప్రార్థించడంపై ఉన్న పాత విమర్శ కొత్త అన్వయాన్ని సంతరించుకుంది. తలుపు మూసుకున్న గదిలో కూడా చేతిలోని తెర ఒక తెరచిన వీధే.

9. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

• మత్తయి సువార్తలోని గది పవిత్రస్థలం కాదు, ప్రేక్షకుడు లేని స్థలం. ఆ బోధలోని బహువచనం, ఏకవచనం, తిరిగి బహువచనం అన్న క్రమం తెలుగు అనువాదంలో స్పష్టంగా నిలిచింది.

• హన్నా, దానియేలు ఉదంతాల వల్ల ఏకాంతమంటే జనశూన్యతా గోప్యతా కావనీ, ఇతరుల మెప్పు నుంచీ భయం నుంచీ పొందే స్వేచ్ఛ అనీ తెలుస్తుంది.

• గెత్సేమనే సాక్ష్యంతో చూస్తే, ప్రార్థన విలువ అడిగింది దొరకడంలో కాక, అడిగే మనిషి పొందే పరిణామంలో ఉంది.

• సాధకులు రాసిన ప్రధాన గ్రంథాలు ఏకాంతాన్ని సేవతో, దేశభాషతో, దైనందిన శ్రమతో ముడిపెట్టాయి.

• ఏకాంత ప్రార్థన పలాయనంగా మారే ప్రమాదం వాస్తవమే. మిద్దెమీది పేతురు వలె ఆ ప్రార్థన నుంచి లేచిన మనిషి ఎవరి ఇంటికి వెళ్లాడన్నదే దానికి తగిన పరీక్ష.

తెలుగు క్రైస్తవ సాహిత్యంపై జరిగే పరిశోధనలు ఎక్కువగా మిషనరీ చరిత్ర, బైబిలు అనువాదం, కీర్తనల ఛందస్సు చుట్టూ సాగుతాయి. ఆ కీర్తనల్లోని ‘నేను’ ఎవరు, ఏ గదిలో, ఏ వేళ, ఏ బాధతో మాట్లాడుతున్నాడన్న దిశలో అధ్యయనాలు జరిగితే, చరిత్రలో నమోదు కాని తెలుగు సామాన్యుల అంతరంగం కొంతైనా వెలుగులోకి వస్తుంది.